గుర్రాల లెక్క పక్కనపెట్టి గేరు మార్చి చూడండి

‘బోనెట్ ఎత్తితే’ శీర్షికకి ఈసారి ఒడిశాలోని రాయగడ, జయపురం, బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒక తాను ముక్కలే. రీల్సులో చూసిన కారు, జేబులో ఉన్న డబ్బు, ఇంటి ముందున్న రోడ్డు, ఈ మూడింటికీ లంకె కుదరడం లేదని అందరి బాధా. పొడుగు ఉత్తరాలని కత్తిరించి వేస్తున్నాం.

ప్ర: మాది రాయగడ, సెల్‌ఫోన్ల షాపు. వారానికోసారి సరుక్కోసం విజయనగరం, నెలకోసారి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అత్తవారింటికి. 12 లక్షల్లో 120 గుర్రాల (హార్స్‌పవర్) టర్బో హ్యాచ్‌బ్యాక్ తీద్దామని నేను, 82 గుర్రాల స్విఫ్ట్ చాలదేటి అని మా నాన్న. 0 నుంచి 100కి అంత తొందరగా వెళ్లే బండైతే ఘాట్లో లారీల్ని దాటడం సులువు కదండీ?
– షాపు యజమాని, రాయగడ

జ: కొంత సులువే. కానీ మీరు చూస్తున్న అంకె వల్ల మాత్రం కాదు. 0–100 లెక్క తిన్నటి, ఎండిన రోడ్డు మీద, బండిలో ఒకరో ఇద్దరో కూర్చుని, క్లచ్చు మీద జాలి లేకుండా తీసేది. మీరు అత్తవారింటికి వెళ్లేటప్పుడు నలుగురు మనుషులుంటారు, డిక్కీలో పనసకాయలుంటాయి, ఏసీ ఆడుతుంటుంది. మీకు పనికొచ్చే అంకె 40 నుంచి 80, అదీ మూడో గేరులో. ఆ అంకెని పోస్టరు మీద ఎవరూ వెయ్యరు.

చిన్న లెక్క చూద్దాం. పేపరు మిల్లు కర్రల లారీ ఒకటి మీ ముందు 40లో పోతోంది, మీరు 15 మీటర్ల వెనక ఉన్నారు. దాన్ని దాటి, మళ్లీ 15 మీటర్ల ఎడం వచ్చాక ఎడమకి రావాలి. లారీ పొడవు 10, మీ కారు 4 కలిపితే లారీ కంటే 44 మీటర్లు ఎక్కువ నడవాలి. 40 నుంచి 80కి 6 సెకన్లలో వెళ్లే బండి ఈ పని 7 సెకన్లలో ముగిస్తుంది, 122 మీటర్ల రోడ్డు తింటుంది. అదే 9 సెకన్లు పట్టే బండికి దాదాపు 8.4 సెకన్లు, 138 మీటర్లు. ఎదురుగా 60లో వచ్చే బస్సు కూడా ఆ సమయంలో నడుస్తుంది కదా, దాన్నీ కలపండి. పికప్ ఉన్న బండికి ఎదర 240 మీటర్లు ఖాళీగా కనబడాలి, లేనిదానికి 280. అంటే టర్బోకి మీరు పోసే అదనపు డబ్బు కొనిపెట్టేది 40 మీటర్లు. పార్వతీపురం వైపు తిన్నగా ఉన్న చోట్ల ఈ 40 మీటర్లు నిజంగా అక్కరకొస్తాయి. లక్ష్మీపూర్ ఘాట్లో మలుపుకీ మలుపుకీ మధ్య చాలాచోట్ల 100 మీటర్లు కూడా కనబడదు. అక్కడ 120 గుర్రాల బండైనా, 500 గుర్రాల బండైనా లారీ వెనకే ఉండాలి.

రెండో సంగతి. టర్బో అంటే ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే పంకా. చిన్న టర్బో ఇంజిన్ల అసలు బలం సుమారు 1,500–1,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాకే లేస్తుంది. ఏటవాలు మలుపులో రెండో గేరులో 15 కిలోమీటర్లకి పడిపోతే ఆర్‌పీఎం 1,200 దగ్గర ఉంటుంది. యాక్సిలేటర్ తొక్కుతారు, ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. కొత్తవాళ్లు ఘాట్లో తత్తరపడేది ఇక్కడే. మందు ఒకటే: మలుపులోకి దిగకముందే మొదటి గేరుకి మారిపోవాలి. టర్బో లేని 1.2 ఇంజిన్లో ఈ తోపుడు ఉండదు, దానికి బదులు 4,000 దాకా గట్టిగా తిప్పితేనే లాగుతుంది. చప్పుడుకి భయపడి మూడులోనే ఈడ్చేవాళ్లే ‘దీనికి పికప్ లేదు’ అంటుంటారు.

‘స్పోర్ట్’ బటన్ గురించి రాయలేదు గానీ షోరూంలో ముందు చూపించేది దాన్నే. చాలా బండ్లలో అది ఇంజిన్‌కి ఒక్క గుర్రాన్నీ కలపదు. పెడల్ కొంచెం తొక్కితే ఎక్కువ తొక్కినట్టు లెక్కేస్తుంది, స్టీరింగ్ బిగిస్తుంది, ఆటోమేటిక్ అయితే గేరు ఆలస్యంగా మారుస్తుంది. కొన్నిటిలో సైలెన్సర్ చప్పుడు స్పీకర్లోంచి వస్తుంది. కావాలంటే పాట పెట్టి చూడండి, రెండూ ఒకే చోటు నుంచి వినిపిస్తాయి.

టెస్ట్ డ్రైవ్‌కి మరో ముగ్గుర్ని ఎక్కించుకుని వెళ్లండి. ఏసీ వెయ్యండి. ఎత్తు ఎక్కే రోడ్డు అడగండి, ఫ్లైఓవర్ అయినా సరే. రెండో గేరులో 20 కిలోమీటర్ల నుంచి నిండా తొక్కి ఎంతసేపటికి కదులుతుందో చూడండి. ఎదర ఖాళీ ఉన్నచోట మూడో గేరులో 40 నుంచి 80కి ఎంత పట్టిందో వెనక సీటువాళ్లని ఫోన్లో టైము చూడమనండి. రెండు కార్లకీ ఇదే చేసి, తేడా రెండు సెకన్ల లోపే వస్తే మీ నాన్నగారి మాట వినండి, మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకి పెట్టండి. తేడా మూడు దాటి, మీరు వారం వారం ఒక్కరే వెళ్లేటట్టయితే మాన్యువల్ టర్బో తీసుకోండి. తొక్కితే మైలేజీ పదీ పదకొండుకి దిగుతుందని మాత్రం ఇంట్లో ముందే చెప్పండి.

ప్ర: నా స్విఫ్ట్‌కి 17 అంగుళాల అల్లాయ్‌లు వేస్తే లుక్కూ వస్తుంది, మలుపుల్లో గ్రిప్పూ పెరుగుతుందని షాపాయన అంటున్నాడు. 14 అంగుళాల ఇనుప చక్రాలు తీసెయ్యమంటారా?
– జయపురం

జ: తీసెయ్యండి, కానీ 17 దాకా పోవద్దు. మీ బండికి కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్14 (చివరి 14 రిమ్ము అంగుళాలు). 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. రిమ్ముకీ గోతికీ మధ్య ఉన్న మెత్త ఇదే. 185/65 ఆర్15కి మారితే గోడ 120, 195/55 ఆర్16కి 107, 205/45 ఆర్17కి 92 మి.మీ. వర్షాకాలం వెళ్లాక జయపురం–మల్కన్‌గిరి దారిలో పడే గోతుల్ని తలుచుకుని ఈ నాలుగు అంకెల్నీ ఇంకోసారి చూడండి. గోడ పొట్టిదైతే గోతి అంచు టైరుని నొక్కి నేరుగా రిమ్ముకి తగులుతుంది. అల్లాయ్ చీలుతుంది, లేదా టైరు గోడలో దారాలు తెగి బుడగ వస్తుంది. బుడగకి ప్యాచ్ లేదు, టైరు మార్చడమే.

గ్రిప్ పెరుగుతుందన్న మాటలో సగమే నిజం. టైరు వెడల్పు కంటే దాని రబ్బరు ఏ రకం, ఎంత పాతది అన్నదే తడి రోడ్డు మీద తేడా తెస్తుంది. టైరు గోడ మీద డాట్ (DOT) అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైంది. అయిదారేళ్లు దాటిన టైరు, గాడులు నిండా ఉన్నా, తోలు చెప్పులా గట్టిపడిపోతుంది. పైగా పెద్ద అల్లాయ్, వెడల్పు టైరు కలిసి చక్రానికి రెండు మూడు కిలోలు పెరిగితే ఆ బరువంతా స్ప్రింగుకి కింద వైపున ఉంటుంది. చిన్న ఇంజిన్ పికప్ మందగిస్తుంది, షాకబ్సార్బర్ అలిసిపోతుంది.

మా సలహా 185/65 ఆర్15. మొత్తం వ్యాసం 620 నుంచి 621.5 మి.మీ.కి మారుతుంది, అంతే. స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. అల్లాయ్ కొనేటప్పుడు నట్ల వలయం 4×100 (100 మి.మీ. వలయం మీద నాలుగు నట్లు), నడిమి రంధ్రం 54.1 మి.మీ. ఉండాలి. రంధ్రం పెద్దదైతే మధ్యలో రింగు వేయించండి, లేకపోతే 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మీద ‘ఈటీ’ పక్కనున్న అంకె, పాతదానికి దగ్గరగా ఉండాలి. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, నలుగురు ఎక్కితే ఫెండర్‌కి రాసుకుంటుంది, బేరింగు తొందరగా అరుగుతుంది. నట్లు గాలి గన్‌తో బిగించి వదిలేస్తే ఒప్పుకోకండి. మాన్యువల్లో రాసిన బిగువుకి టార్క్ రెంచితో బిగించమనండి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి. మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

ప్ర: సిమిలిగుడ నుంచి సాలూరు దిగుతుంటే సుంకి దాటాక కాలిన వాసన, బ్రేకు పెడల్ స్పాంజిలా లోపలికి దిగింది. ఆగితే పది నిమిషాలకి మామూలయింది. రేసింగ్ ప్యాడ్లు, రంధ్రాల డిస్కులు వేయించమని తమ్ముడు అంటున్నాడు.
– సునాబెడ

జ: ముందు ఈ దించుడు ఎంత పనో చూడండి. సిమిలిగుడకీ సాలూరుకీ మధ్య ఎత్తు తేడా సుమారు 750 మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు ఆ ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు 90 లక్షల జౌల్స్. మన భాషలో చెప్పాలంటే రెండు బిందెల, అంటే 30 లీటర్ల నీళ్లని మరిగించేంత వేడి. గాలీ ఇంజినూ కొంత పంచుకుంటాయి. మీరు న్యూట్రల్లోనో, నాలుగో గేరులోనో దిగితే మిగతాదంతా నాలుగు చక్రాల్లోని ఆ చిన్న ఇనుప బ్రేకుల నెత్తినే పడుతుంది.

పెడల్ మెత్తబడటానికి కారణం ప్యాడ్లు కాదు, బ్రేక్ ఆయిల్ మరగడం. బ్రేక్ ఆయిల్లో డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, డాట్ 4 అయితే 230 దాకా. ఇవి గాల్లోని తేమని పీలుస్తాయి. తేమెక్కిన డాట్ 3కి ఉండాల్సిన కనీస మరుగు 140, డాట్ 4కి 155. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ బలం చక్రం దాకా పోదు. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, అందుకే పది నిమిషాలకి ‘మామూలయింది’. మామూలవలేదు, రేపు మళ్లీ అంతే. వానలు ఎక్కువ, మంచు ఎక్కువ ఉన్న మీ కోరాపుట్ గాలిలో రెండేళ్లకి ఒకసారి ఆయిల్ మొత్తం మార్చాల్సిందే. డబ్బాలో పైన పోసి నింపడం మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడ్ చేసి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా పాతది బయటికి తీయాలి. చిన్న కారుకి ఒక లీటరు సీసా చాలు, సీలు మీ ఎదుటే విప్పమనండి. తీసి వారాలైన డబ్బాలోది వద్దు.

రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితే గాని పట్టవు. ఉదయం మీ వీధిలో ఆవు అడ్డం వచ్చినప్పుడు అవి చల్లగా ఉంటాయి. రంధ్రాల డిస్కులు ఈ వాడకానికి అలంకారం. కంపెనీ ప్యాడ్లు, డాట్ 4 ఆయిల్, రెండో గేరు, ఈ మూడూ చాలు.

దిగే పద్ధతి: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. సుంకి మలుపుల్లో రెండు, ఎక్కువ ఏటవాలైతే ఒకటి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. వేగం పెరిగితే గట్టిగా ఒకసారి నొక్కి తగ్గించి, పూర్తిగా వదిలెయ్యండి. ఆ వదిలిన అయిదారు సెకన్లలోనే డిస్కు చల్లారేది. ఆటోమేటిక్ బండ్లలో సీవీటీ రకం అయితే ‘ఎల్’, ఏఎంటీ అయితే మాన్యువల్లో పెట్టి 2. ఇంజిన్ ఆపి దిగితే పెట్రోలు కలిసొస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ రెండూ పోతాయి. గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలితే ఇంజెక్షన్ ఇంజిన్ ఎలాగూ పెట్రోలు తాగదు. పెడల్ దిగిపోతే గబగబా పంపు చేస్తూ, గేరు ఒక్కొక్కటే దించుతూ, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు అంచుకి చేర్చండి. వేడి చక్రం మీద నీళ్లు పొయ్యొద్దు, డిస్కు వంకర పోతుంది.

ప్ర: టర్బో పెట్రోల్ కారు. రీమ్యాప్, ఓపెన్ సైలెన్సర్ చేయిస్తే ఎంత పవర్ పెరుగుద్ది? పోలీసులు పట్టుకుంటారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం

జ: రీమ్యాప్ అంటే బండి కంప్యూటర్లో టర్బో ఒత్తిడీ, స్పార్క్ పడే క్షణమూ మార్చడం. పవర్ నిజంగానే పెరుగుతుంది. కంపెనీ ఆ ఖాళీని వదిలింది తెలియక కాదు. మే నెల ఎండ, బంకులో దొరికే ఏదో ఒక పెట్రోలు, ఆలస్యంగా మార్చే ఇంజిన్ ఆయిల్, ఇవన్నీ చూసుకుని వదిలింది. ఒత్తిడి పెంచి, మామూలు పెట్రోలు పోసి తప్తపాణి ఘాట్ మధ్యాహ్నం ఎక్కితే మిశ్రమం తనంతట తాను ముందే పేలుతుంది. లోపల గోళీలు దొర్లినట్టు చప్పుడొస్తుంది. సెన్సార్ పట్టుకుని స్పార్క్ వెనక్కి జరుపుతుంది, అంటే మీరు డబ్బిచ్చి కొన్న పవర్ అక్కడే పోతుంది. సెన్సార్‌కి అందనంత పేలితే పిస్టన్ అంచు విరుగుతుంది. దాని తర్వాత వంతు క్లచ్చుది. వారంటీ మాట ఎత్తక్కర్లేదు.

ఓపెన్ సైలెన్సర్‌తో చప్పుడు పెరుగుతుంది. పవర్ పెరిగిందని చెవి చెబుతుంది, స్టాప్‌వాచ్ చెప్పదు. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఇంజిన్ లైటు వెలుగుతుంది, కాలుష్యం పరీక్ష తప్పుతుంది. అనుమతి లేని మార్పుకి మోటారు వాహనాల చట్టం 182ఎ(4) ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వేగం సరదా తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. బండి ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లండి, వెళ్లేముందు బ్రేక్ ఆయిల్ మార్చండి. గోపాలపూర్ బీచ్ రోడ్డు ట్రాక్ కాదు.

ప్ర: మా అబ్బాయి హైదరాబాద్‌లో 2016 నాటి జర్మన్ కంపెనీ టర్బో హ్యాచ్‌బ్యాక్, రెండు క్లచ్చుల ఆటోమేటిక్, 5 లక్షలకి చూశాడు. పర్లాకిమిడి తెచ్చుకుందామంటున్నాడు. ఏం చూడాలి, కాగితాలు ఏమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జ: మాస్టారూ, నడపడానికి ఆ బండి బంగారం. అబ్బాయి అభిరుచిలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ గేరు పెట్టెది. పొడి క్లచ్చుల (ఆయిల్లో మునగని) రకం ట్రాఫిక్‌లో పాకుతూ పోతే వేడెక్కుతుంది, హైదరాబాద్‌లో అది ఏళ్ల తరబడి చేసింది ఆ పనే. దాని కంట్రోల్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటవచ్చు, బండిని లారీ మీద విశాఖో భువనేశ్వరో పంపాలి. అదే కారులో మాన్యువల్ దొరికితే సగం గుబులు తీరిపోతుంది.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లమనండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఎందుకని అడగాలి. ఏటవాలు మీద రివర్స్‌లో బ్రేకు వదిలి మెల్లగా పాకనివ్వాలి. కుదుపు వస్తే, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు తన్నినట్టుంటే వదిలెయ్యాలి. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి మళ్లీ ఇదే పరీక్ష. స్కానర్ పెట్టించి గేరు పెట్టె లోపాల కోడ్లు కూడా చదివించాలి, ఇంజిన్‌వి ఒక్కటే చాలవు. నాలుగు సీట్ బెల్టులూ చివరిదాకా లాగి చూడండి. లోపలి కొసన బురద చారలుంటే అది నీట మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో మునిగిన కార్లు ఎక్కడో ఒకచోట అమ్ముడవుతూనే ఉంటాయి. స్టెప్నీ కింద గుంటలో తుప్పు, సీటు పట్టాల కింద తుప్పు చూడండి.

కాగితాలు: అప్పుంటే బ్యాంకు నుంచి ఫారం 35 సంతకాలతో. అమ్మేవాళ్ల ఆర్టీఓ నుంచి మీ గజపతి జిల్లా పేరుతో ఎన్‌ఓసీ, అది ఫారం 28. అమ్మకానికి 29, 30. ఇక్కడికి తెచ్చాక కొత్త నంబరుకి ఫారం 27, ఒడిశా రోడ్డు పన్ను. అప్పుడే ఓడీ–20 నంబరు వస్తుంది. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకి మించి ఇక్కడ ఉంచకూడదు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానిది వాపసుకి వాళ్లే దరఖాస్తు పెట్టాలి, ఆ సంగతి బేరంలోనే తేల్చుకోండి. పెండింగ్ చలాన్లు ముందే చూడండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి 14 రోజుల్లో మార్చమని అడగాలి. ఈ ఖర్చులన్నీ కూడి, పైన 60 వేలు రిపేర్లకి పక్కన పెట్టుకున్నాక కూడా 5 లక్షలు ధర న్యాయంగా తోస్తేనే కొనండి.

ప్ర: ప్రపంచంలో బెస్ట్ స్పోర్ట్స్ కారు ఏది? ఒక్క పేరు చెప్పాలి.
– పదో తరగతి, గుణుపురం

జ: మాజ్డా ఎంఎక్స్–5. 1989లో వచ్చింది. మొదటి రకం బరువు టన్ను లోపే, బలం 115 గుర్రాలకి అటూ ఇటూ. ఇప్పటి మన హ్యాచ్‌బ్యాక్‌లు కొన్నిటికి అంతకంటే ఎక్కువుంది. అయినా 2016కి పది లక్షల కార్లు తయారయ్యాయి. తేలిక, వెనక చక్రాలకి బలం, ఇద్దరికే చోటు. మన దగ్గర కంపెనీ అమ్మలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బకి ఉదాహరణ కావాలంటే 1985 నాటి మన స్టాండర్డ్ 2000 కారు గురించి పెద్దవాళ్లని అడుగు తమ్ముడూ. పైన ఇంగ్లండు రోవర్ ఒళ్లు, బోనెట్ కింద వాన్‌గార్డ్ అనే పాత కారు కాలం నాటి 2 లీటర్ల ఇంజిను. మూడేళ్లు తిరక్కుండా కథ ముగిసింది.

ప్ర: ఎలక్ట్రిక్ కార్లు పికప్‌లో స్పోర్ట్స్ కార్లని మించాయంటున్నారు. విశాఖ నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కితే చార్జి అంతా అయిపోదా?
– బ్యాంకు ఉద్యోగి, కోరాపుట్

జ: పికప్ మాట నిజం, మోటారుకి టర్బోలా ఎదురుచూపు లేదు. చార్జి భయం మాత్రం లెక్క వేస్తే తగ్గుతుంది. రెండు టన్నుల బండిని 750 మీటర్లు ఎత్తడానికి కావలసింది సుమారు 4 యూనిట్లు. మోటారు నష్టాలు కలిపి 5 అనుకోండి. ఇది రోడ్డు మీద మామూలుగా అయ్యే ఖర్చుకి పైన. 60 యూనిట్ల బ్యాటరీలో 8 శాతం. దిగేటప్పుడు రీజెన్‌తో (మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపడం) ఇందులో సగానికి పైగా తిరిగొస్తుంది, బ్రేకులూ చల్లగా ఉంటాయి.

చాలామంది పొరపాటు పడేది ఒక్కచోట. ఇంట్లో రాత్రంతా పెట్టి 100 శాతం నింపి, పొద్దున్నే సుంకి దిగుతారు. నిండిన బ్యాటరీలో తిరిగొచ్చే కరెంటుకి చోటుండదు, రీజెన్ పట్టదు. అప్పుడు రెండు టన్నులూ మామూలు బ్రేకుల మీదే. దిగే రోజు 85 దగ్గర చార్జింగ్ ఆగేలా ముందు రాత్రే యాప్‌లో పెట్టుకోండి, సాలూరు చేరేసరికి రీడింగ్ పెద్దగా తగ్గి ఉండదు.